సొంత బ్లాగు పెట్టుకునుడెట్ల: కాజీపేట మామతోటి ఒక ఆదివారం

మా చిన్నమామ కాజీపేట లోకో షెడ్డుల, అంటే రైలింజన్లు బాగుచేసే కాడ, ముప్పై ఏండ్లకు పైన పన్జేసి రిటైర్ అయిండు. అప్పటిసంది ఆయన పనేందంటే పొద్దుగాల లేవంగనే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల ఇంతింత పొడుగు మెసేజులు పెట్టుడు. నైట్ డ్యూటీల ముచ్చట్లు, చలికాలం షెడ్డుల చాయ్ ఎట్ల కాగబెట్టుకునేటోళ్లు, ఎవరు ఎవరిమీద అలిగిండ్రు, గిసోంటియి. మస్తుంటయి నిజంగ. కానీ సగం మంది మొదటి నాలుగు లైన్ల కాడ్నే ఆగుతరు, సాయంత్రానికి గుడ్ నైట్ బొమ్మల కింద అవి మునిగిపోతయి. మొన్న ఫోన్ మార్చిండు, బ్యాకప్ లేదు, ఏండ్ల సంది రాసినయన్నీ పోయినయ్. "అల్లుడా, రాసింది రాసినట్టు ఒక్క తాన ఉండాలె, ఎవరడిగినా లింకు పంపితే సరిపోవాలె, గట్ల ఏమన్న ఉంటదారా" అని అడిగిండు. బ్లాగు పెడ్దాం మామా అన్న. ఆదివారం పొద్దుగాల పోయి కూసుంటే అన్నం తినేయాళ్లకు అయిపోయింది. ఆ రోజు చేసినయి, దానికి ముందు నేను సొంతంగ చేసి చెడగొట్టుకున్నయి కలిపి ఇక్కడ రాస్తున్న, కొత్తగ పెట్టుకునేటోళ్లకు పనికొస్తదని.

ముందు ఎక్కడ పెట్టాలె అనే లొల్లి తెంపుకుందాం. ఉన్నయి చానా గని కొత్తోళ్లు చూడాల్సినయి రెండే, బ్లాగర్, వర్డ్‌ప్రెస్. బ్లాగర్ 1999ల మొదలైంది, 2003ల గూగుల్ కొనుక్కున్నది, అప్పటిసంది ఫ్రీనే. వర్డ్‌ప్రెస్ వచ్చింది 2003ల, అయితే అండ్ల రెండు రకాలున్నయ్, ఇక్కడ్నే అందరు తికమక పడ్తరు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అంటే వాళ్లే జాగ ఇస్తరు, ఫ్రీగ మొదలుపెట్టొచ్చు, ఎక్కువ కావాలంటే పైసలు కట్టాలె. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ కాడ దొరికేది ఉత్త సాఫ్ట్‌వేర్, దానికి హోస్టింగ్ అని వేరే జాగ కిరాయికి తీసుకొని మనమే పెట్టుకోవాలె, అప్డేట్లు మనమే చూసుకోవాలె, ఏటా కిరాయి కట్టాలె, కట్టకపోతే బ్లాగు మాయం. ఇల్లు కట్టుకున్నట్టే అనుకో, సోకు బాగుంటది గని నల్లా పోయినా కరెంటు పోయినా మనదే బాధ్యత. నా మాటైతే, మొదటి బ్లాగుకు బ్లాగరే తీస్కోండి. చూడనీకి జర పాతగుంటది, ఒప్పుకుంట, కానీ మీరు ఆర్నెల్లు పట్టించుకోకపోయినా అట్లనే పడి ఉంటది. పోస్టులు గిట్ల వంద దాటి ఇంక రాస్తనే ఉంటే అప్పుడు వర్డ్‌ప్రెస్‌కు తోల్కపోవచ్చు, బ్లాగర్ నుంచి పోస్టులన్నీ దించుకునే సౌలత్ అండ్ల ఉన్నది.

ఇగ జీమెయిల్. ఇది వినండి ముందు. కొత్తగ బ్లాగుకోసమని ఒక మెయిల్ ఐడీ తయారుచేస్కోకండి. రోజు వాడే మెయిల్‌తోటే పెట్టండి. నేను డిగ్రీ చదివేటప్పుడు హన్మకొండల నెట్ సెంటర్ల కూసొని ఒక బ్లాగు పెట్టిన, దానికని ప్రత్యేకంగ ఒక ఐడీ, దాని పాస్‌వర్డ్ నోట్‌బుక్కు అట్ట మీద రాసుకున్న, రికవరీ నంబర్ (పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొచ్చే ఫోన్ నంబర్) అప్పటి సిమ్ముది. నోట్‌బుక్కు పోయింది, సిమ్ము పోయింది. ఆ బ్లాగు ఇంక ఉన్నది! తెరిస్తే కనబడ్తది, అండ్ల నేను రాసిన కవితలు రెండున్నయి, వాటిని చూస్తే నాకే సిగ్గైతది, తీసేద్దామంటే లోపలికి పోరాదు. అందుకే మామ మెయిల్‌కు ముందు రికవరీ ఫోన్ నంబర్ ఇప్పటిది పెట్టిన, రెండో మెయిల్ నాది ఇచ్చిన, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టినంక ఇంకోసారి రుజువు అడిగేది) ఆన్ చేసిన, ఆ తర్వాతనే బ్లాగర్ తెరిచినం.

బ్లాగర్ డాట్ కామ్ తెరిచి ఆ మెయిల్‌తోటి లాగిన్ అయితే మూడు అడుగుతది. బ్లాగు పేరు, అడ్రసు, రాసేటోళ్ల పేరు. పేరు తెలుగులనే పెట్టుకోండి, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాలల్లనే ఉంటది, దాని ఎన్క బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ అని వస్తది. అది కూడ తర్వాత మార్చుకోవచ్చు గని మారిస్తే అప్పటిదాంక పంచిన లింకులన్నీ పన్జెయ్యవు, కాబట్టి అక్కడ ఐదు నిమిషాలు ఆలోచించాలె.

మన దిక్కోళ్లకు ఇక్కడొక ప్రత్యేకమైన తిప్పలున్నది. ఊరి పేరు పెట్టుకోవాలనిపిస్తది కదా. మన ఊరి పేరు స్పెల్లింగు ఎన్ని తీర్లున్నదో లెక్కేసిండ్రా? హన్మకొండ, హనమకొండ, హనుమకొండ, 2021ల జిల్లా పేరు హనుమకొండ అని మార్చినా బోర్డుల మీద ఇంక అన్ని రకాలు కనబడ్తయి. కాజీపేటను కే తోటి ఒకరు రాస్తరు, ఇంకొకరు మధ్యల హెచ్ పెడ్తరు, జెడ్‌కు బదులు జె పెట్టేటోళ్లు వేరే. ఎవరికన్న ఫోన్ల చెప్తే వాళ్లు టైపు కొట్టేది ఒకటి, మీది ఇంకోటి. మామ మొదాలు ఊరి పేరు, ఇంటి పేరు, పన్జేసిన డిపార్ట్‌మెంటు పేరు మూడు కలిపి ఒక అడ్రసు చెప్పిండు, రైలు పెట్టెల లెక్క. నేను కాయితం మీద రాసి అత్తకు చదివి వినిపిచ్చి, అత్తా నువ్వు టైపు కొట్టు చూద్దాం అన్న. రెండు సార్లు తప్పు కొట్టింది. అట్లకాదని చిన్న మాట ఒకటి ఎంచుకున్నం, అత్త ఒక్కసారికే కొట్టింది, అదే ఖాయం చేసినం. మీరు కూడ గిదే పరీక్ష పెట్టండి. గీతలు, అంకెలు, పుట్టిన సంవత్సరం అడ్రసుల వద్దు.

తెలుగు టైపింగ్ గురించి జర ఎక్కువ చెప్తా, ఎందుకంటే సగం మంది ఇక్కడ్నే ఇడిసిపెడ్తరు. ఫోన్లయితే గూగుల్ కీబోర్డు జీబోర్డుల తెలుగు కలుపుకుంటే సరిపోతది, ఇంగ్లీషు అక్షరాలు కొడ్తే తెలుగు చేసి ఇచ్చేది కూడ అండ్లనే ఉన్నది. ల్యాప్‌టాప్‌ల విండోస్ సెట్టింగ్స్‌కు పోయి తెలుగు భాష కలుపుకుంటే ఫొనెటిక్ కీబోర్డు, అంటే పలికినట్టు ఇంగ్లీషు అక్షరాలు కొడ్తే తెలుగు ఇచ్చేది, వస్తది. ఏదీ ఇన్‌స్టాల్ చేసుడు ఇష్టం లేకపోతే లేఖిని ఉన్నది, వీవెన్ తయారుచేసింది, బ్రౌజర్ల తెరిచి కొట్టుకొని కాపీ చేసుకునుడే. మామ కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్క అక్షరం ఎతుకుతాంటే నాకే బేజారై మైకు నొక్కి మాట్లాడమన్న. వాయిస్ టైపింగ్ బాగనే పట్టుకుంటది, పత్రికల భాష మాట్లాడితే. మామ మాట్లాడేది పత్రికల భాష కాదు కదా. "గప్పుడు" అంటే ఒకసారి "కప్పుడు" అని, ఇంకోసారి "ఎప్పుడు" అని పడ్డది, "పొద్దుగూకంగ" అన్నది మూడు ముక్కలైంది. అయితే ఆయన ఏం చేసిండో తెలుసా, ఫోన్‌కు అర్థం కావాలని భాష మార్చి మాట్లాడుడు షురూ చేసిండు, "నేను ఆ రోజు రాత్రి విధులకు హాజరైతిని" అనుకుంట. నేను ఆపిన. మామా, ఫోన్ కోసం నువ్వు మారొద్దు, నువ్వు నీ తీరుగనే చెప్పు, తప్పులు నేను దిద్దుతా అన్న. సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటం గని రాసేకాడికొచ్చే వరకు అందరం టీవీ యాంకర్లం అయితం.

ఇంకోటి, ఆయన కాడ పాత కాయితాలున్నయి. రిటైర్మెంట్ ఫంక్షన్ల చదివిన ఎనిమిది పేజీలు, హన్మకొండ చౌరస్తా దిక్కు ఒక డీటీపీ షాపుల కొట్టిపిచ్చినయి. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌ల భద్రంగ దాచుకున్నడు. తెరిచి కాపీ చేసి బ్లాగుల పేస్ట్ చేస్తే తెలుగు ఒక్క ముక్క లేదు, ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, డాలర్ గుర్తులు, ఎవడో కీబోర్డు మీద కూసున్నట్టు పడ్డది. మామ మొహం తెల్లబోయింది, ఫైలు ఖరాబైందనుకున్నడు. అది ఖరాబు కాలే. డీటీపీ షాపులల్ల ఎక్కువ వాడేది అనూ ఫాంట్లు. అండ్ల తెలుగక్షరం అనేది ఉత్త బొమ్మనే, లోపల కోడు ఇంగ్లీషు అక్షరాలదే, ఆ ఫాంటు లేని కాడ అసలు రంగు బయటపడ్తది. బ్లాగుకు కావాల్సింది యూనికోడ్, అందుల ప్రతి తెలుగు అక్షరానికి దాని సొంత నంబర్ ఉంటది, అందుకే ఏ ఫోన్ల తెరిచినా తెలుగులెక్కనే కనబడ్తది, గూగుల్ల ఎతికినా దొరుకుతది. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్టుల ఉన్నయి, ఒత్తుల కాడ జర దిద్దుకోవాలె. మేమైతే ఇంకో దారి పట్టినం. ప్రింటు కాయితాలనే ఫోన్‌తోటి నీటుగ ఫోటో తీసి, గూగుల్ డ్రైవ్‌ల ఎక్కిచ్చి, కంప్యూటర్ల దానిమీద రైట్ క్లిక్ కొట్టి గూగుల్ డాక్స్‌తోటి తెరిస్తే ఫోటో కింద తెలుగు అక్షరాలు వచ్చినయ్. పేజీకి పది పదిహేను తప్పులున్నయేమో, మళ్ల కొట్టుడు కంటె వెయ్యి రెట్లు నయం.

థీమ్, అంటే బ్లాగు పైకి కనబడే సోకు, ఆ సంగతి తొందరగ కానిద్దాం. ఉన్న థీమ్‌లల్ల ఏదో ఒకటి సాదాది తీస్కోండి, రంగులు మార్చుకుంట కూసుంటే ఆదివారం అయిపోతది, పోస్టు మాత్రం కాదు. తెలుగుకు చూడాల్సినయి మూడే ముచ్చట్లు. ఒకటి అక్షరం సైజు, థీమ్‌లన్నీ ఇంగ్లీషు కొలతకు చేసినయి, మనకు 18 పిక్సెల్స్ దాక పెంచుకోవాలె. రెండోది లైన్ల మధ్య సందు, మనకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటయి కదా, సందు తక్కువైతే "రాష్ట్రం"ల ఒత్తులు కింది లైన్ల గుడికి తల్గుతయి, లైన్ హైట్ 1.7 పెడ్తే ఊపిరాడుతది. మూడోది, రెండు దిక్కుల సమానంగ వచ్చేటట్టు జస్టిఫై చేయకండి, మన మాటలు పొడుగు, ఫోన్ స్క్రీను ఇరుకు, మాటల మధ్యల గుంతలు పడ్తయి. ఫాంటుకు నోటో సాన్స్ తెలుగు లేకుంటే మండలి, రెండు ఫ్రీనే. ఇటాలిక్స్ తెలుగుకు నప్పదు, గాలికి ఒంగినట్టుంటది, ముట్టకండి.

పోస్టు ఎక్కిచ్చేముందు ఒక సంగతి, ఇది ఎవరు చెప్పరు, నేను ఏడాది తర్వాత తెలుసుకున్న. బ్లాగర్ల టైటిల్ మొత్తం తెలుగుల పెడ్తే, ఆ పోస్టు లింకు తయారుచేసేటప్పుడు అది తెలుగక్షరాలను వదిలేస్తది. ఇగ మిగిలేదేముంది, ఉత్త బ్లాగ్ హైఫన్ పోస్ట్ డాట్ హెచ్‌టీఎంఎల్. తర్వాతి పోస్టులకు అదే పేరు ఎన్క అంకెలు తగిలిస్తది. వంద పోస్టులైనంక ఏ లింకు దేనిదో మీకే తెల్వదు. కాబట్టి పబ్లిష్ నొక్కక ముందే కుడి దిక్కు పోస్ట్ సెట్టింగ్స్‌ల పర్మాలింక్ (ఆ పోస్టు లింకు) తెరిచి, కస్టమ్ పర్మాలింక్ ఎంచుకొని, ఇంగ్లీషు అక్షరాలతోటి రెండు మూడు మాటలు హైఫన్‌తోటి కొట్టండి. మామ మొదటి పోస్టుకు "నైట్-డ్యూటీ-చాయ్" అని ఇంగ్లీషు అక్షరాలల్ల పెట్టినం. పబ్లిష్ అయినంక మార్చాలంటే మళ్ల డ్రాఫ్టుకు తేవాలె, అప్పటికే పంచిన లింకు పోతది. వర్డ్‌ప్రెస్‌ల తిప్పల వేరే తీరుగుంటది, అది తెలుగు లింకును వదలదు, కానీ వాట్సాప్‌ల పేస్ట్ చేస్తే ఒక్కొక్క తెలుగక్షరం, గుర్తు మూడు పర్సెంట్ ముక్కలైతది, "వరంగల్" అన్న ఒక్క మాటనే 54 అక్షరాల తోకైతది. చూసినోళ్లు వైరస్ లింకు అనుకొని ముట్టరు. అక్కడ కూడ లింకు పేరు చేత్తోటి మార్చుకోవాలె.

వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో కాపీ చేస్తే కంట్రోల్, షిఫ్ట్, వీ మూడు కలిపి నొక్కి పేస్ట్ చేయండి. ఉత్తగ పేస్ట్ చేస్తే అక్కడి రంగులు, ఫాంట్లు గూడ వెంబడి వచ్చి ఒక పేరా పెద్దగ, ఒక పేరా సన్నగ కనబడ్తది. ఫోటోలు ఫోన్ల తీసినయి ఉన్నదున్నట్టు పెట్టకండి, ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలుంటయి, ఊర్లల్ల సిగ్నల్ అంతంత మాత్రం ఉన్న కాడ పేజీ తెర్సుకోదు. వెడల్పు 1200 పిక్సెల్స్‌కు తగ్గిస్తే 200 కేబీ చుట్టుముట్టు వస్తది, సాలు. ఫోటో లోపల ఎక్కడ తీసిన్నో లొకేషన్ దాగి ఉండొచ్చు, ఇంటికాడ తీసినయైతే అది తీసేసి పెట్టండి. గూగుల్ల ఎతికి దొరికిన ఫోటో పెట్టుడు దొంగతనమే, అందరు వాడుకోనీకి ఫోటోలు పెట్టే వికీమీడియా కామన్స్‌ల ఉన్నయైతే తీసినోళ్ల పేరు, లైసెన్సు పేరు కింద రాసి వాడుకోవచ్చు. మామ పాత గ్రూపు ఫోటో ఒకటి పెడ్తా అన్నడు, అండ్ల తొమ్మిది మందున్నరు. ఫోటోల ఉన్నోళ్లకు ఫోన్ చేసి అడుగు మామా అన్న. అడిగిండు, ఒకాయన వద్దన్నడు, ఆ ఫోటో పెట్టలే. ఆ ఫోన్ల వల్ల మాత్రం ఆయనకు ఇంకో నాలుగు పోస్టులకు సరిపడ ముచ్చట్లు దొరికినయ్.

ఏం రాయాలె అని అడుగుతరు చానా మంది. వేయి స్తంభాల గుడి 1163ల కట్టిండ్రు, రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇవి రాయనీకి మీరు అక్కర్లేదు, వికీపీడియాల ఉన్నయి, అక్కడ ఇంక బాగ ఉన్నయి. మీ అమ్మమ్మ మేడారానికి ఎడ్లబండి కట్టుకొని ఎన్ని రోజులకు పోయింది, బండ్ల ఏమేం పెట్టుకున్నరు, బెల్లం ఎంత తూకం మొక్కుకున్నరు, అది రాయండి. కొత్తవాడల జంపఖానా మగ్గం ఇంట్ల ఉన్నోళ్లు ఆ మగ్గం చప్పుడుల పిల్లలు ఎట్ల పండుకునేటోళ్లో రాయండి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోల్కపోయిన రాత్రి, సీరియల్ నంబర్ కోసం బండికాడ్నే పండుకున్న ముచ్చట రాయండి. మామ మొదటి డ్రాఫ్టు "భారతీయ రైల్వే చరిత్ర" అని మొదలుపెట్టిండు, రెండు పేరాలు పోయినంక ఆయనకే నిద్రొచ్చింది. చాయ్ ముచ్చట రాయమంటే నలభై నిమిషాలల్ల పూర్తి చేసిండు, చాయ్‌పత్తా ఎవరి డబ్బాల నుంచి ఎవరు దొంగతనం చేసేదో పేర్లు తీసేసి రాసిండు.

కామెంట్లకు మోడరేషన్, అంటే మీరు ఒప్పుకున్నంకనే కామెంటు కనబడేటట్టు, ఆన్ చేసి పెట్టండి, లేకపోతే ఎక్కడోళ్లో వచ్చి లోన్ల లింకులు పెట్టి పోతరు. మెయిల్‌కు వస్తది, మంచిదైతే ఓకే నొక్కుడే.

సొంత డొమైన్, అంటే ఎన్క బ్లాగ్‌స్పాట్ అని లేకుంట మనం పైసలు పెట్టి కొనుక్కునే అడ్రసు, మొదటి రోజే కొనాల్సిన పని లేదు. రాసుడు అలవాటైతే, అప్పుడు కొనుక్కొని బ్లాగర్‌కే కలుపుకోవచ్చు, డొమైన్ ఖర్చు తప్ప వేరే పైసలుండవు. సెట్టింగ్స్‌ల కస్టమ్ డొమైన్ కాడ రెండు సీనేమ్ రికార్డులు (ఆ అడ్రసు కొడ్తే మన బ్లాగుకు తోల్కొచ్చే గుర్తులు) చూపెడ్తది, అవి డొమైన్ కొన్న కాడ పెట్టుకోవాలె, ఆ తర్వాత హెచ్‌టీటీపీఎస్ (లింకును భద్రంగ ఉంచేది) ఆన్ చేసుకోవాలె. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర చూసి మురవకండి, రెన్యువల్ ధర చూడండి. ఇంక, దయచేసి మీ పేరు మీద, మీ మెయిల్‌తోటి మీరే కొనండి. నేను ఒకసారి వెబ్‌సైట్లు చేసే ఒకాయనకు పైసలిచ్చి కొనుక్కరమ్మన్న, ఆయన తన అకౌంట్ల తన పేరు మీద కొన్నడు. రెండో ఏడు ఫోన్ ఎత్తలే, గడువు అయిపోయింది, పేరు ఎవరో ఎత్తుకపోయిండ్రు. లాగిన్ నా కాడ లేదు, ఎవరికి చెప్పుకోవాలె!

పైసలొస్తయా అంటే, బ్లాగుల యాడ్లు పెట్టి పైసలిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 సంది తెలుగుకు కూడ ఇస్తున్నది. కానీ 100 డాలర్లు అయితెనే బ్యాంకుల పడ్తయి, 10 డాలర్లైనంక ఇంటికి పోస్టుల ఒక పిన్ను పంపుతరు, అది కొట్టి అడ్రసు రుజువు చేసుకోవాలె. సొంత ముచ్చట్ల బ్లాగుకు ఆ పిన్ను వచ్చే రోజు కోసం ఎదురుచూడకండి. ఉత్తగ గూగుల్ల దొరకాలంటే గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌ల బ్లాగు కలిపి, బ్లాగు అడ్రసు ఎన్క సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్ఎంఎల్ (బ్లాగుల ఉన్న లింకుల జాబితా) తగిలించి సమర్పిస్తే సాలు. వారాలు పడ్తది, రోజు చూస్తే తొందరగ రాదు.

ఇగ అన్నిటికన్న ముఖ్యమైంది, నెలకొకసారి సెట్టింగ్స్‌ల కిందికి పోతే బ్యాకప్ కంటెంట్ అని ఉంటది, అక్కడ్నుంచి బ్యాకప్ ఫైలు దించుకోవచ్చు. అండ్ల పోస్టులు, కామెంట్లు ఉంటయి, ఫోటోలుండవు, వాటి లింకులే ఉంటయి, ఫోటోలు వేరే ఫోల్డర్ల దాచుకోవాలె. మామ ఫైలు పెన్‌డ్రైవ్‌ల ఒకటి, నా కాడ ఒకటి. సెట్టింగ్స్‌లనే నన్ను రెండో అడ్మిన్ చేసినం, రేపు ఆయన పాస్‌వర్డ్ మర్చినా తలుపు తెరుచుకునేటట్టు.

పబ్లిష్ నొక్కినం, లింకు గ్రూపుల పెట్టినం, అత్త తాళింపు మాడిపోతాంటే కూడ ఫోన్ పట్టుకొని చదివింది. సాయంత్రం మామ ఫోన్, "అల్లుడా, 46 మంది చూసిండ్రు!" నాకు అనుమానమొచ్చి స్టాట్స్‌ల సొంత వ్యూస్ లెక్కపెట్టొద్దు అనే ఆప్షన్ ఆయన ఫోన్ల ఆన్ చేపిచ్చిన. తెల్లారి నుంచి అంకె కదుల్తలేదు. మూడ్రోజులకు ఇంకో తొమ్మిది పెరిగినయ్. మళ్ల ఫోన్ చేసిండు, ఆ తొమ్మిది మంది ఎవరెవరో పేర్లు ఎక్కడ కనబడ్తయని. కనబడవు మామా అన్న. నమ్ముతలేడు, గ్రూపుల ఒక్కొక్కలను అడుగుతున్నడు.